పులివెందుల అరటి: దుబాయ్‌లో కొనే పార్టీ పెట్టెకు రెండు దిర్హమ్‌లు తగ్గించమంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: పులివెందుల ప్యాక్‌హౌస్

అందరికీ నమస్కారం. పులివెందుల దగ్గర మాకు చిన్న అరటి ప్యాక్‌హౌస్ ఉంది, అంటే కాయ కడిగి పెట్టెల్లో సర్ది పంపే చోటు. సొంత తోట కొంతే, చుట్టుపక్కల రైతుల దగ్గర కొనేదే ఎక్కువ. అంతా జీ-9 (గ్రాండ్ నైన్) రకం, ల్యాబ్‌లో పెంచిన టిష్యూకల్చర్ మొక్క. సీజన్‌లో మా సరుకు ముంబై జేఎన్‌పీటీ పోర్టు మీదుగా దుబాయ్‌కి పోతుంది. 13 కిలోల పెట్టెలు 40 అడుగుల కంటైనర్‌లో 1540 పడతాయి. అంటే కంటైనర్‌కు 20 టన్నులు.

2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటి రైలు కదిలినప్పుడు 43 కూలింగ్ కంటైనర్లలో కాయ ఒకేసారి పోర్టుకు పోయింది. ఇక మన అరటికి ఎదురులేదని మా వైపు అందరం అనుకున్నాం. ఇప్పుడు చూస్తే ఎదురు చాలామందే ఉన్నారు. మా సరుకు తీసుకునే దుబాయ్ పార్టీ ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే పాట. "ఫిలిప్పీన్స్ వాడు ఇంతకు ఇస్తున్నాడు, ఈక్వడార్ సరుకు ఇంతకు దిగింది, మీరు పెట్టెకు రెండు దిర్హమ్‌లు తగ్గించండి" అంటాడు. కుదరదంటే మహారాష్ట్రలోని షోలాపూర్, జల్‌గావ్ పేర్లు తీస్తాడు. అక్కడా ఇదే జీ-9, ఇదే పెట్టె. పైగా పోర్టు వాళ్లకు దగ్గర.

మేమేమీ తక్కువ చేయడం లేదు. కాయను పటిక నీళ్లలో కడుగుతాం. పేరు అచ్చేయించిన మంచి అట్టపెట్టె వాడతాం. ప్రతి హస్తానికి (అత్తానికి) స్టిక్కర్ ఉంటుంది. కరెంటు సరిగా ఉన్న రోజు ప్రీకూలింగ్ కూడా చేస్తాం, అంటే కంటైనర్‌కు ఎక్కించే ముందే కాయను చల్లబరుస్తాం. ఆర్డర్‌కు కాయ చాలకపోతే పక్క మండలంలో పిలక తోటల (మొదటి కాపు కోశాక పిలకల మీద మళ్లీ కాసే తోటల) నుంచి తెచ్చి నింపుతాం, కానీ కంటైనర్ మాత్రం ఖాళీగా పంపం. అయినా పోయిన సీజన్‌లో ఒక కంటైనర్‌కు "కాయ పండి వచ్చింది" అని నాలుగు ఫొటోలు పెట్టి బిల్లులో పెద్ద కోత కోశారు. ఆ ఫొటోలు మా పెట్టెలవేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మా అమ్మాయి తిరుపతిలో ఎంబీఏ చదువుతోంది. "నాన్నా, నువ్వు రేటు మీద కొట్లాడుతున్నావు. కస్టమర్ వాల్యూ చూడు, మార్కెట్ ఓరియెంటెడ్ స్ట్రాటజీ పెట్టుకో" అంటుంది. నాకు తెలిసి అవి పెద్ద పెద్ద కంపెనీల మాటలు. కస్టమర్ దేవుడంటారు, ఆ దేవుడే కదా రేటు తగ్గించమంటున్నాడు! మరి తగ్గించమంటారా? లేకపోతే బ్యాంకులో అప్పు చేసి పెద్ద కోల్డ్ రూమ్ కట్టి సూపర్‌మార్కెట్ల వైపు పోమంటారా? ఈ లైన్ తెలిసినవాళ్లు చెప్పండి. "కష్టపడితే ఫలితం ఉంటుంది" లాంటివి మాత్రం వద్దు.

బేతంచెర్ల నాపరాయి

అన్నా, నాకు అరటి తెలియదు, బండ తెలుసు. మాది బేతంచెర్లలో పాలిష్ యూనిట్. మా నాపరాయి రేటు టైల్ కన్నా ఎప్పుడూ తక్కువే. అయినా గుజరాత్ మోర్బీ నుంచి వచ్చిన విట్రిఫైడ్ టైల్ మా గిరాకీని తినేసింది. రేటు మీదే యాపారం నడిచేట్టయితే మేం గెలవాలి కదా?

మా బండ ఒకటి ముప్పావు అంగుళం ఉంటే పక్కది అంగుళం ఉంటుంది. మేస్త్రీ ఒక్కోదాని కింద ఇసుక సర్దుకుంటూ పరవాలి, దానికి కూలీ ఎక్కువ. టైల్ రెండడుగులకు రెండడుగులు, పెట్టెకు నాలుగు, అన్నీ ఒకే మందం, ఒకే రంగు. మేస్త్రీ గదిని సాయంత్రానికి ముగించి ఇంకో ఇంటికి పోతాడు. ఇంటాయన బండ రేటు అడిగి మురిసిపోతాడు గానీ, చివరికి ఏది వేయాలో చెప్పేది మేస్త్రీనే. మా వైపు చాలామంది అడుగుకు రూపాయి, రెండు రూపాయలు తగ్గించి చూశారు. తగ్గించిన రేటును పక్క యూనిట్ వాడు మరుసటి రోజే ఇంకో అర్ధ రూపాయి తగ్గించాడు. గిరాకీ పెరగలేదు, అందరి లాభం మాత్రం పోయింది. మందం ఒకటే వచ్చేలా కాలిబ్రేషన్ మెషిన్ పెట్టుకున్న కొందరికే బయట రాష్ట్రాల ఆర్డర్లు నిలబడ్డాయి.

నీ దగ్గర ఆ మేస్త్రీ ఎవరో కనుక్కో. అప్పు మాత్రం ఇప్పుడే చేయకు.

ఆవీర్ పాతకాపు

తమ్ముడూ, మాది రాయచోటి వైపు. దుబాయ్ అల్ ఆవీర్ పండ్ల మార్కెట్‌లో చాలాకాలం అరటి మగ్గబెట్టే గదుల్లో పనిచేసి ఇప్పుడు ఊళ్లో ఉన్నాను. నీ కాయ అక్కడ దిగాక ఏమవుతుందో చెబుతాను, ఎందుకంటే నువ్వు రాసినదాంట్లో తోట ఉంది, పెట్టె ఉంది, ఫోన్ ఉంది. కంటైనర్ తలుపు తెరిచాక జరిగేది ఒక్క ముక్కా లేదు. పైన బేతంచెర్ల ఆయన అడిగిన మేస్త్రీ అక్కడే ఉంటాడు.

తలుపు తీయగానే మేం పెట్టె మీద పేరు చూడం. మొదట వాసన చూస్తాం. తీపి వాసన వస్తే లోపల ఎక్కడో కాయ మగ్గిందని అర్థం. తర్వాత ఒక కాయలోకి థర్మామీటర్ సూది గుచ్చుతాం. 13, 14 డిగ్రీలు ఉండాలి. ఇంకా తగ్గితే తొక్క లోపల గోధుమ రంగు తిరుగుతుంది, అలాంటి కాయ ఎంత మగ్గబెట్టినా మంచి పసుపు రాదు. పెరిగితే దానంతట అదే పండడం మొదలుపెడుతుంది. పండే కాయ ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది, పక్క పెట్టెలను కూడా పండిస్తుంది. పది పెట్టెల ముదురు కాయ చాలు, మిగతా పదిహేను వందల పెట్టెలకు తెగులు అంటించినట్టే.

ఆ తర్వాత సరుకు గదిలోకి పోతుంది. 16 నుంచి 18 డిగ్రీలు పెట్టి ఇథిలీన్ ఎక్కిస్తాం. ఆ గదిని ఏ సూపర్‌మార్కెట్ ఆర్డర్ కోసమో నింపుతాం, ఫలానా రోజు తెల్లవారుజామున ఫలానా రంగులో లారీ ఎక్కాలి. నీ పిలక తోట కాయ, మొదటి కాపు కాయ కలిసి వచ్చాయనుకో. సగం పసుపు తిరుగుతుంది, సగం ఆకుపచ్చగానే ఉంటుంది. గదిని ఖాళీ చేయలేం, అలాగే ఉంచలేం. వెనకాల వచ్చిన ఇంకో కంటైనర్‌ను కరెంటు ప్లగ్గుకు తగిలించి దానికి రోజు లెక్కన డబ్బు కట్టాలి. అప్పుడు మా సేటుకు, అంటే నీ పార్టీ లాంటి దిగుమతిదారుకు, వచ్చే కోపం నీ బిల్లులో ఎక్కడా కనబడదు. మరుసటి ఫోన్‌లో "ఫిలిప్పీన్స్ వాడు ఇంతకు ఇస్తున్నాడు" అనే మాటగా నీ దగ్గరకు వస్తుంది.

లెక్క చూడు, అంకెలు ఊరికే అనుకుందాం. ఒకడి పెట్టె 40 దిర్హమ్‌లు, అందులో నూటికి 15 పారేయాల్సి వస్తుంది. 13 కిలోల్లో అమ్ముడయ్యేది 11 కిలోలు, చిల్లర. కిలో 3.62 పడుతుంది. ఇంకొకడి పెట్టె 43, పారేసేది నూటికి 5. అమ్ముడయ్యేది 12.35 కిలోలు, కిలో 3.48. మూడు దిర్హమ్‌లు ఎక్కువ పెట్టిన పెట్టే చవక. నువ్వు దిగిన కిలో రేటు మాట్లాడుతున్నావు, సేటు అమ్ముడైన కిలో రేటు మాట్లాడుతున్నాడు. వాడు నీకు ఆ లెక్క చెప్పడు, చెబితే వాడికే నష్టం. నువ్వే అడిగి తీసుకోవాలి.

ఇక పోటీ. ఈక్వడార్ పెట్టె 18.14 కిలోలది. ఓడలో ఆ కాయ నెలకు పైగా నీళ్ల మీద ఉంటుంది. ఫిలిప్పీన్స్ నుంచి రెండు మూడు వారాలు పడుతుంది. ముంబైలో ఓడ ఎక్కితే నాలుగైదు రోజుల్లో దుబాయ్ పోర్టు జెబెల్ అలీలో దిగుతుంది. వాళ్లకు పెద్ద పెద్ద తోటలు, కాయకు దెబ్బ తగలకుండా గెలలను వేలాడదీసి తీసుకొచ్చే తీగల దారులు, దశాబ్దాల అలవాటు ఉన్నాయి. ఆ విషయంలో వాళ్లను నువ్వు ఇప్పుడప్పుడే అందుకోలేవు. కానీ ఈక్వడార్ సరుకు కొనేవాడు నెలన్నర తర్వాత గిరాకీ ఎలా ఉంటుందో ఈ రోజే ఊహించి ఆర్డర్ పెట్టాలి. నీ దగ్గరైతే వచ్చే వారం సంగతి ఈ వారం చెప్పొచ్చు. వాడికి ఊహ తప్పితే పడే నష్టం నీ దగ్గర కొంటే తగ్గుతుంది. దీనికి డబ్బు అడుగు. "గురువారం చెబితే పది రోజుల్లో మీ గదిలో ఉంటుంది" అనే మాట ఈక్వడార్ వాడు చచ్చినా ఇవ్వలేడు. ఆ మాట నిలబెట్టుకోలేకపోతే మాత్రం నీకు, వాళ్లకు తేడా లేదు, అప్పుడు రేటే మిగులుతుంది.

కస్టమర్ అంటే ఒక్క సేటే అనుకోకు. ఆవీర్‌లో కాయ కొనేవాళ్లు రకరకాలు. సూపర్‌మార్కెట్‌కు అన్నీ ఒకే సైజు, మచ్చ లేకుండా, కొనలు మాత్రం ఇంకా ఆకుపచ్చగా ఉన్న పసుపు కాయ కావాలి. వీధి చివర బకాలా (చిన్న కిరాణా కొట్టు) నడిపే మలయాళీకి రెండు రోజుల్లో అమ్ముడయ్యే పసుపు కాయ చాలు, మచ్చ పట్టించుకోడు. లేబర్ క్యాంపులకు భోజనం పంపే క్యాటరింగ్ వాళ్ల సంగతి వేరు. వాళ్లు మనిషికి ఒక కాయ చొప్పున ఇస్తారు. అంటే వాళ్లకు కావాల్సింది కిలోలు కాదు, పెట్టెలో ఎన్ని కాయలున్నాయన్నదే. నువ్వు సెకండ్స్ (రెండో రకం) అని లోకల్‌కు తోసేసే చిన్న కాయ వాళ్లకు మేలు సరుకు. అలాంటి కాయ శుభ్రంగా, పెట్టెకు ఇన్ని అని రాసి వస్తే తీసుకునేవాళ్లను నేను చూశాను. మన వైపు నుంచి ఎవరూ అలా పంపలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

రంజాన్ సంగతి కూడా. ఆ నెలలో పండ్ల గిరాకీ ఎలా ఉంటుందో నీకు తెలుసు. అది ప్రతి ఏడాది 10, 11 రోజులు ముందే వస్తుంది. టిష్యూకల్చర్ మొక్క నాటితే కోతకు దాదాపు ఏడాది. మన రైతు నీళ్లు చూసి, పక్కవాడిని చూసి నాటుతాడు. ఒక పది మంది రైతులతో అయినా రంజాన్ తేదీ చూసి వెనక్కి లెక్కేసి నాటించు. దీనికి కోల్డ్ రూమ్ అక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

అనంతపురం ఎంబీఏ మేష్టారు

పాతకాపు గారు చెప్పినదాని తర్వాత పుస్తకం తీయాలంటే మొహమాటంగా ఉంది. అయినా ప్రశ్నలో అమ్మాయి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. అది పాఠంలో ఉన్నా క్లాసులో చాలామంది దాటేస్తారు.

మార్కెట్ ఓరియెంటేషన్‌ను కొలిచి, లాభంతో పోల్చి చూసిన తొలి పరిశోధనల్లో ఒకటి 1990లో నార్వర్, స్లేటర్ అనే ఇద్దరు అమెరికన్ ప్రొఫెసర్లది. వాళ్ల ప్రకారం అందులో మూడు పాళ్లు ఉన్నాయి. కొనేవాడిని తెలుసుకోవడం, పోటీవాడిని తెలుసుకోవడం, తెలుసుకున్నది సంస్థలో అన్ని విభాగాలకూ చేరి అందరూ కలిసి పనిచేయడం. ఇంతవరకు ప్రతి విద్యార్థీ రాస్తాడు. అసలు విశేషం ఏమిటంటే, వాళ్లు ఇది చూసింది సబ్బుల కంపెనీలోనో కార్ల కంపెనీలోనో కాదు. కలప, అటవీ ఉత్పత్తుల వ్యాపారం చేసే ఒక పెద్ద సంస్థలోని 140 వ్యాపార విభాగాల్లో. వాటిలో కొన్ని ఒకరి సరుకుకు, మరొకరి సరుకుకు తేడా కనబడని మామూలు సరుకు అమ్మేవి. అంటే మన అరటి లాంటివే.

మామూలు సరుకు అమ్మే విభాగాల్లో, కొనేవాడిని ఎంత పట్టించుకుంటే అంత అన్నట్టు లాభం సూటిగా పెరగలేదు. కొనేవాడిని అసలు పట్టించుకోకుండా చవకగా తయారుచేసి అమ్మేసేవాళ్లకు కొంత లాభం ఉంది. పూర్తిగా పట్టించుకునేవాళ్లకు బాగా ఉంది. అందరికన్నా తక్కువ మధ్యలో ఉన్నవాళ్లకు. ఇది ఒక్క సంస్థ విభాగాల మీద చేసిన పరిశీలన, అన్నిటికీ సూత్రంలా పట్టుకోకూడదు. కానీ నాకు దీని అర్థం ఇలా తోస్తుంది. మధ్యలో ఉన్నవాడు ఖర్చు పెట్టేశాడు, ఆ ఖర్చుకు తగ్గ తేడా కొనేవాడి చేతికి మాత్రం చేరలేదు.

ప్యాక్‌హౌస్ గారూ, మీరు రాసింది మళ్లీ చదవండి. పెట్టె, స్టిక్కర్, పటిక అన్నిటికీ ఖర్చు పెట్టారు. ప్రీకూలింగ్ కరెంటు ఉన్న రోజే. కాయ చాలకపోతే పిలక తోట. ఖర్చు మంచి సరుకుది, ఫలితం మామూలు సరుకుది. మీకు రెండు దారులున్నాయి. ఒకటి, స్టిక్కర్ లేకుండా, మామూలు పెట్టెలో, అందరికన్నా తక్కువ ఖర్చుతో అమ్మడం. అందులో సిగ్గేమీ లేదు. రెండోది, పాతకాపు గారు చెప్పినట్టు ఒక రకం కొనేవాడిని పట్టుకుని వాడికి కావాల్సింది ప్రతి వారం తప్పకుండా ఇవ్వడం. పెద్ద కోల్డ్ రూమ్ కట్టి, దాన్ని పాత పద్ధతిలోనే నడిపితే మాత్రం మీరు ఇంకా ఖరీదైన మధ్యలోకి పోతారు.

పెనుకొండ షిఫ్ట్ బి

నేను ఎర్రమంచి దగ్గర కార్ల విడిభాగాలు చేసే యూనిట్‌లో పనిచేస్తాను. పెద్ద కంపెనీల మాటలు అన్నారు కదా, అందుకని. కియా కార్ల కంపెనీ వాళ్లు 2017లో ఇక్కడికి రావడానికి ఒప్పందం చేసుకున్నప్పుడు బయట దేశాల్లో అమ్మే పికాంటో లాంటి చిన్న కారును తెచ్చి రేటు యుద్ధంలో దిగొచ్చు. దిగలేదు. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ దగ్గర ఆటో ఎక్స్‌పోలో ఎస్‌యూవీ నమూనా పెట్టారు. 2019 ఆగస్టులో దాన్నే సెల్టోస్ పేరుతో అమ్మకానికి తెచ్చారు. మన ఎండకు చల్లగాలి తగిలే సీట్లు, ఊళ్లలో దుమ్ముకు గాలి శుద్ధి చేసే మెషిన్ పెట్టారు. ఇక్కడ తయారైన బండ్లు ఇప్పుడు బయట దేశాలకు కూడా పోతున్నాయి.

ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది వేరే. ఈ లైన్‌లో ప్రతి విడిభాగానికీ కోడ్ ఉంటుంది. కారులో తేడా వస్తే ఏ సప్లయర్, ఏ రోజు, ఏ షిఫ్ట్ అనేది బయటపడుతుంది. మీ పెట్టె మీద మీ పేరు పెద్దగా ఉంది గానీ, ఆ కాయ ఏ తోటది, ఏ రోజు కోసింది అని ఉందా? ఉండుంటే ఆ నాలుగు ఫొటోలు మీవో కావో అప్పుడే తేలిపోయేది.

పుట్లూరు రైతు

అందరూ దుబాయ్ కస్టమర్ గురించి మాట్లాడుతున్నారు. కాయ పండించేది ఎవరు స్వామీ? లోకల్ రేటు బాగా ఉన్న వారం ఢిల్లీ వ్యాపారి తోట దగ్గరకు వచ్చి నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. రేటు పడిపోయిన వారం ప్యాక్‌హౌస్‌లు ఫోన్ ఎత్తవు. మీది అని కాదు, అందరి సంగతీ చెబుతున్నా. గెలకు కవర్ తొడగమంటారు, కొన పువ్వు తీయమంటారు, కాయ మచ్చ పడకుండా ఆకు కోయమంటారు. అన్నీ చేసిన తోటకూ చేయని తోటకూ ఒకే రేటు వేస్తారు. ఇంక ఎందుకు చేయాలి? పిలక తోట కాయ కలిపారంటే, మంచి కాయ ఆ వారం మీకెవరూ ఇవ్వలేదనే కదా.

పులివెందుల ప్యాక్‌హౌస్

అందరికీ ధన్యవాదాలు. పుట్లూరు అన్న మాట కొంచెం గట్టిగానే తగిలింది, కానీ ఫోన్ ఎత్తని బ్యాచ్‌లో నేను లేనని మా రైతులను అడిగితే చెబుతారు.

పాతకాపు అన్నా, నాకు రెండు అనుమానాలు. క్యాటరింగ్ వాళ్లకు చిన్న కాయ అన్నారు. ఆ పెట్టె ఎలా కట్టాలి? ఇక రైతుకు మంచి రేటు ఇవ్వాలంటే నాకు ముందు పార్టీ ఇవ్వాలి. పార్టీ ఇవ్వాలంటే ముందు మంచి కాయ చూపించాలి. ఈ ముడి ఎక్కడ విప్పాలి? మేష్టారూ, మీరు చెప్పిన మధ్యలో ఉన్నవాళ్ల సంగతి రాత్రి మా అమ్మాయికి ఫోన్‌లో చెబితే "నేను మొదటి నుంచీ అదే కదా చెబుతున్నా" అంటోంది. ఎక్కడ చెప్పిందో నాకైతే గుర్తులేదు.

ఆవీర్ పాతకాపు

ముడి రైతు దగ్గరే విప్పాలి. ఆవీర్‌లో కివీ పండ్లు చూసేవాణ్ణి. ఇరాన్‌ది ఒక రేటు, న్యూజిలాండ్ నుంచి జెస్ప్రీ పేరుతో వచ్చేది దాని కన్నా బాగా ఎక్కువ రేటు. అయినా దాన్ని అడిగి మరీ కొనేవాళ్లు. ఎందుకని తర్వాత తెలుసుకున్నా. అక్కడ రైతుకు బరువుకు మాత్రమే డబ్బు ఇవ్వరు. కోతకు ముందు పండులో నీరు పోగా మిగిలే పదార్థం ఎంతో కొలుస్తారు. అది ఎక్కువుంటే మగ్గాక తీపి ఎక్కువ, దానికి రైతుకు అదనంగా ఇస్తారు. తినేవాడి నాలుకకు కావాల్సింది తోటలో రేటుగా మారింది. చిలీ, ఇటలీ, ఇరాన్ అందరూ కివీ పండిస్తున్నా వీళ్ల పండుకు ఆ రేటు నిలబడింది.

నువ్వు అంత దూరం పోనక్కర్లేదు. గెల వేసిన వారానికి ఒక రంగు రిబ్బన్ కట్టించు, ప్రతి వారం రంగు మారాలి. ఈ పద్ధతి చాలా దేశాల అరటి తోటల్లో ఉంది, రిబ్బన్‌కు అయ్యే ఖర్చు టీ ఖర్చు కూడా కాదు. కోతకు పోయినప్పుడు ఒకే రంగు గెలలే, అంటే ఒకే వయసువే, కోయాలి. అలా ఇచ్చిన రైతుకు, కవర్ తొడిగిన తోటకు, టన్నుకు ఇంత అదనం అని ముందే కాగితం మీద రాసి ఇవ్వు. లోకల్ రేటు పెరిగితే ఎంత దాకా కలుపుతావో, పడితే ఎంతకు దిగవో అది కూడా రాయి. ఆ అదనం మొదటి రెండు మూడు కంటైనర్లకు నీ జేబులోంచే పోతుంది. స్టిక్కర్లు ఆపేస్తే అందులో కొంత అక్కడే దొరుకుతుంది, ఆవీర్‌లో ఆ స్టిక్కర్ చూసి ఎవరూ రూపాయి ఎక్కువ ఇవ్వరు. సూపర్‌మార్కెట్ వాడు అడిగితే అప్పుడు అంటించు.

చిన్న కాయ పెట్టె సంగతి. ఒక్కో పెట్టెలో కాయలు లెక్కపెట్టి, మరీ తేడా రాకుండా చూసి, ఆ సంఖ్య పెట్టె పక్కన స్టాంపు వేయి. కిలోలు కూడా వేయి, కానీ సంఖ్య పెద్దగా ఉండాలి. పెద్ద కాయ కంటైనర్‌లోనే ఒక ప్యాలెట్ వేసి నమూనాగా పంపు, విడిగా కంటైనర్ పెట్టకు. ఇప్పుడున్న సేటుకే చెప్పు, క్యాటరింగ్ వాళ్లు వాడికి తెలుసు. వాడికి కొత్త గిరాకీ తెచ్చిపెట్టినవాడితో రేటు బేరం అంత గట్టిగా ఆడడు.

పెనుకొండ తమ్ముడు చెప్పిన కోడ్ తప్పకుండా పెట్టు. రైతు నంబరు, కోత తేదీ, అంతే. కంటైనర్‌లో టెంపరేచర్ లాగర్లు (దారి పొడవునా వేడి ఎంతుందో రాసుకునే చిన్న మెషిన్లు) రెండు పెట్టు. ఒకటి మధ్యలో, ఒకటి తలుపు దగ్గర. తలుపు వైపే ఎక్కువ వేడెక్కుతుంది, క్లెయిములు (కాయ పాడైందని బిల్లు కోత అడగడం) వచ్చేది ఎక్కువగా ఆ వరసల నుంచే. ప్రీకూలింగ్ చేయకుండా తోట వేడితో కాయ ఎక్కిస్తే రెండు మూడు రోజుల దాకా లాగర్ గీత 14 డిగ్రీలకు దిగదు, అది నీకే కనబడుతుంది. కరెంటు లేని రోజు ఎక్కించకు, ఒక రోజు ఆలస్యమని సేటుకు ముందే చెప్పు. ముందు చెప్పిన ఆలస్యాన్ని వాళ్లు సర్దుకుంటారు.

క్లెయిమ్ రూల్ సీజన్ మొదలు కాకముందే ఒప్పించుకో. తలుపు తీసిన 24 గంటల్లోపు ఫొటోలు పంపాలి, ఫొటోలో పెట్టె మీద కోడ్ కనబడాలి, లాగర్ రిపోర్టు జత చేయాలి, సూది గుచ్చి చూసిన టెంపరేచర్ రాయాలి. ఇవి లేకపోతే కోత లేదు. సేటు గొణుగుతాడు, కానీ వాడికి సూపర్‌మార్కెట్ వాళ్లు పెట్టే రూల్స్ ఇంతకన్నా గట్టివి, కాబట్టి కొత్తేమీ కాదు. సంతకం పెట్టనంటే ఆ పార్టీకి మొదటి కంటైనర్ ఎక్కించకముందే ఇంకొకరిని వెతుక్కో. ఆవీర్‌లో నాకు తెలిసిన వాళ్ల నంబర్లు ఇక్కడ పెట్టను, మెసేజ్ చెయ్.